పాటగానికి మేర ఏది?

మన దగ్గర కళాకారుని భుజాల మీద శాలువాలకు ఎన్నడూ కొదవ లేదు. కొదవంతా ఆయన ఇంట్లో గింజలకే. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. కానీ మా అచ్చంపేట పక్కన లింగాల మండలం అవుసలికుంటకు చెందిన ఒక పాటగాని బతుకు తెలిసినవాళ్లెవరూ దీన్ని కాదనలేరు. ఆయన పేరు దర్శనం మొగులయ్య. లోకం పిలిచే పేరు కిన్నెర మొగులయ్య.

ఊళ్లల్లో పాడుకుంటూ తిరిగిన మనిషి వెండితెర దాకా ఎక్కటం, అక్కడి నుంచి పద్మశ్రీ దాకా పోవటం, ఆ తరువాత మళ్లీ కూలిపనిలో కనిపించటం... ఈ మూడూ మూడేండ్ల లోపలే జరిగినయి. దీన్ని ఒక మనిషి తలరాత అని వదిలేస్తే మనం చదువుకున్న చదువు దండగ. కారణం వెతకాలె. నాకు తోచిన కారణం ఇక్కడ రాస్తున్నాను. ఒప్పుకోనివాళ్లు వాదించవచ్చు.

ముందు ఆయన చేతిలోని వాద్యం గురించి. కిన్నెర అంటే ఒక వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, బొంగు మీద మైనంతో నిలబెట్టిన మెట్లు, వాటి మీదుగా లాగి కట్టిన తీగ. ఫిజిక్సు చదివేవాళ్లకు ఇది చెప్పకనే అర్థమవుతుంది. మెట్టు మీద వేలు నొక్కితే కంపించే తీగ పొడవు తగ్గుతుంది, స్వరం పెరుగుతుంది. బుర్రలోని గాలి ఆ స్వరాన్ని అందుకొని పెద్దది చేస్తుంది. మన లాబొరేటరీలో సోనోమీటరు ముందు కూర్చొని బ్రిడ్జి ఎక్కడ పెట్టాలో స్కేలుతో కొలిచి వెతుక్కుంటాం కదా, ఆ పని కిన్నెరవాడు చెవితో చేస్తాడు. మొగులయ్య కిన్నెరకు పన్నెండు మెట్లు. ఆ పన్నెండు మెట్ల కిన్నెరను వాయించగలిగినవాళ్లు ఈ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది.

ఆయన డక్కలి కులస్తుడు. డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగవాడకు వచ్చి వాళ్ల కులపురాణం చెప్పి, వాళ్ల వంశాలను పొగిడి, వాళ్లిచ్చింది తీసుకొనిపోవటం వాళ్ల వృత్తి. అంటరానివాళ్లుగా ఊరు వెలివేసినవాళ్ల మీద ఆధారపడి బతికినవాళ్లంటే, వాళ్ల స్థానం ఎక్కడ ఉండెనో మీరే ఊహించండి. అటువంటి చోటు నుంచి వచ్చిన మనిషి పాలమూరు జానపద వీరుల కథలను తన గొంతులో మోసుకొచ్చాడు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ పాలమూరులో ఇప్పటికీ వినబడుతోందంటే అందులో పెద్ద పాలు ఇటువంటి గొంతులదే. చరిత్ర పుస్తకాలు సాయన్నకు చోటివ్వనప్పుడు కిన్నెర చోటిచ్చింది.

మేము ఎనిమిదో తరగతి చదివేటప్పుడే సాంఘికశాస్త్రం పుస్తకంలో కిన్నెర సంగతి వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, ఆ పాఠాన్ని పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా చూసినవాళ్లమే అందరం. మొగులయ్య పేరు ఇంటింటికి తెలిసింది 2021 సెప్టెంబర్ 2న. ఆనాడు 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాట విడుదలైంది. పవన్ కల్యాణ్ సినిమా, తమన్ సంగీతం, రామజోగయ్య శాస్త్రి సాహిత్యం. పాట మొదలయ్యేది మాత్రం మొగులయ్య కిన్నెరతో, మొగులయ్య గొంతుతో. వీడియోలో ముందు కనిపించేది కూడా ఆయనే. వీరుడు పుట్టిన జాగ చెప్పి, తల్లిదండ్రుల పేర్లు చెప్పి, తాతల పేర్లు చెప్పి, ఆ తరువాత వీరుణ్ణి నిలబెట్టటం, ఇది తరతరాల కిన్నెర కథకుల పద్ధతి. అందులో మా నల్లమల పేరు కూడా వినబడేసరికి అచ్చంపేట ప్రాంతంలో ఆ పాట మోగని ఫోను లేదంటే అతిశయోక్తి కాదు. అప్పుడు నేను ఇంటర్ల చేరిన కొత్త. ట్రాక్టర్లలో అదే పాట, పెండ్లి బరాత్‌లలో అదే పాట.

దాని వెంట అన్నీ వరుసగా వచ్చినయి. సినిమా కథానాయకుడు రెండు లక్షల రూపాయల సాయం చేశాడు. ఆర్టీసీ బస్సు మీద పాడినందుకు ఆ సంస్థ సన్మానించింది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. ఆ నెలలోనే అప్పటి ముఖ్యమంత్రి హైదరాబాదులో ఇంటిజాగ, కోటి రూపాయలు ప్రకటించాడు. ఇవేవీ తప్పు కాదు. ఇచ్చినవాళ్లను తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. కానీ 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాదు శివారు తుర్కయాంజాల్‌లో ఒక కట్టడం దగ్గర దినకూలీగా పనిచేస్తున్న ఫోటోలు పత్రికల్లో వచ్చినయి. నెలనెలా వచ్చే పదివేల రూపాయలు ఆగిపోయినయని, వచ్చిన పెద్ద మొత్తం పిల్లల పెండ్లిళ్లకూ ఇంటి అవసరాలకూ ఖర్చయిందని ఆయనే చెప్పుకున్నాడు.

అప్పుడు మా హాస్టల్లో కూడా ఒక మాట బాగా నడిచింది: "కోటి రూపాయలు ఇస్తే ఏం జేసిండట?"

ఈ ప్రశ్న అడిగేవాళ్లకు ఒక రైతు కొడుకుగా నా జవాబు ఇది. ఒక ఏడు పల్లి బాగా పండి, ధర కూడా బాగా పలికిందనుకోండి. ఆ ఏడు పాత బాకీలు కట్టాలె, ఆగిపోయిన పెండ్లి చెయ్యాలె, కూలిన గోడ కట్టాలె. మరుసటేడు చేతిలో ఏముంటది? మళ్లీ విత్తనం, మళ్లీ వాన. దండిగా ఒక్కసారి వచ్చిన డబ్బు అప్పులకు మందు, బతుకుదెరువుకు మందు కాదు. ఉద్యోగికి నెలజీతం ఉంటుంది, షావుకారికి వడ్డీ ఉంటుంది, పొలం ఉన్నోనికి కౌలు ఉంటుంది. పాటగానికి ఏముంది? చప్పట్లకు అర్ధాయువు చాలా తక్కువ. అయోడిన్-131కి ఎనిమిది రోజులని మనం చదువుకున్నాం. సినిమా పాట తెచ్చిన పేరుకు అంతకన్నా ఎంత ఎక్కువో నాకు నమ్మకం లేదు.

ఇక్కడ 'మేర' అనే మాట గుర్తు చేసుకోవాలె. మా తాత కాలంలో కల్లంలో రాశి పోసి కొలిచేటప్పుడు, గింజలు ఇంటికి చేరకముందే, వడ్లాయనకు ఇంత, కుమ్మరికి ఇంత, చాకలికి ఇంత, మంగలికి ఇంత అని కుంచాల లెక్కన పక్కకు తీసేవాళ్లు. దానినే మేర అనేది. అది దానం కాదు. ఏడాది పొడుగునా చేసిన పనికి పంటలో వాటా. ఆశ్రిత కులాల కళాకారులకు కూడా తాము అడిగే కులం దగ్గర ఇటువంటి హక్కే ఉండేది. దాన్ని మిరాశి అనేవాళ్లు. ఫలానా ఊరు ఫలానా కుటుంబానిది. వాళ్లు వచ్చి పాడితే ఇవ్వవలసిందే. ఆ పాత పద్ధతిని నేను పొగడటం లేదు. దాని నిండా కులం ఉంది, అంటరానితనం ఉంది, చేయి చాచినవాణ్ణి కిందికి చూడటం ఉంది. అది పోవలసిందే. కానీ దాంతోపాటు ఒక మంచి సూత్రం కూడా పోయింది. పంట పండినన్నాళ్లూ పనిచేసినవానికి వాటా ఉండాలె అనే సూత్రం.

సినిమా కూడా ఒక పంటే. ఒకనాడు పాడిన పాట వెయ్యిసార్లు, లక్షసార్లు, కోటిసార్లు మోగుతుంది. ప్రతి మోతకూ ఎక్కడో ఒక చోట రూపాయో పైసో రాలుతుంది. ఆ రాశి దగ్గర కుంచం పట్టుకొని పాటగాని మేర పక్కకు తీసేవాడు ఎవడు?

ఈ ఆలోచన కొత్తది కాదు, పిచ్చిదీ కాదు. అమెరికాలో పల్లెపాటలు పాడే డాలీ పార్టన్ ఉదాహరణ చూడండి. టెనెసీ కొండల్లో పేద కౌలు రైతు ఇంట్లో 1946లో పుట్టింది. పన్నెండు మంది సంతానంలో ఒకతె. తను రాసి పాడిన ఒక పాట 1974లో వచ్చింది. దాన్ని ఎల్విస్ ప్రెస్లీ పాడతాడని కబురు వచ్చింది, కానీ పాట హక్కుల్లో సగం రాసివ్వాలని ఆయన మేనేజరు షరతు పెట్టాడు. అంతటి ప్రెస్లీ పాడతానన్నా ఆమె హక్కు వదులుకోలేదు. 1980లో 'నైన్ టు ఫైవ్' సినిమాలో నటిగా కూడా నిలబడింది. 1992లో 'ది బాడీగార్డ్' అనే సినిమాలో ఆ పాత పాటనే విట్నీ హ్యూస్టన్ పాడితే లోకమంతా మోగింది. ఆ మోతలో వాటా డాలీ పార్టన్‌కు చేరింది. పెద్ద గొంతు ఉన్నందుకు మాత్రమే ఆమె పెద్దదవలేదు. కాగితం మీద తన పేరు తనే కాపాడుకుంది. అదే దేశంలో క్రిస్ క్రిస్టాఫర్సన్ అనే పాటగాడు పూర్తిస్థాయి నటుడయ్యాడు. 1976 నాటి 'ఎ స్టార్ ఈజ్ బార్న్' సినిమాలో నటనకు గోల్డెన్ గ్లోబ్ అందుకున్నాడు.

నటన మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన సినిమా పల్లె పాటగాణ్ణి తెరకెక్కించింది గాని నటుణ్ణి చేసిందా? మొదట్లో తెలుగు సినిమాలో పాడగలిగినవాడే నటుడు. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చిన నాటి నుంచి కొన్నేండ్ల పాటు నాటకాల స్టేజీ మీద పద్యం పాడగల గొంతుకే వేషం దొరికేది. 1946లో నాగయ్య 'త్యాగయ్య'లో తానే నటించాడు, తానే పాడాడు. ప్లేబాక్ పద్ధతి వచ్చినాక గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అయింది. పల్లె పాటగానికి మాత్రం ముఖమూ లేదు, గొంతూ లేదు. 1979 నాటి 'మా భూమి'లో గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావులు గద్దర్‌ను తెర మీదికి తెచ్చి, సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను పాడించినప్పుడు జనం ఉలిక్కిపడి చూశారు. ఎందుకంటే అక్కడ పాడినవాని ముఖం కూడా పాట మాదిరిగానే నిజమైనది.

ఆ తరువాత నలభై ఏండ్లలో ఆ దారి ఎంత వెడల్పయింది? పెద్దగా లేదు. 2023లో వచ్చిన 'బలగం' చివరి పాట ఎంతమందిని ఏడిపించిందో అందరికీ తెలుసు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు తెర మీద నిలబడి ఆ పాట పాడారు. ఊరూరా తెరలు కట్టి చూశారు ఆ సినిమాను. మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో బాధపడి 2024 డిసెంబర్‌లో కన్నుమూశాడు. జబ్బు పడినప్పుడు సాయం చేసినవాళ్లు ఉన్నారు, ప్రభుత్వమూ ముందుకొచ్చింది. కానీ మళ్లీ అదే మాట: అది సాయం. మేర కాదు.

గమనించండి. ఈ కళాకారులందరూ తెర మీద తమ వేషమే తాము వేశారు. కిన్నెరవాడు కిన్నెరవాడుగానే, జంగం జంగంగానే. మూడు నిమిషాలు కనిపించి పక్కకు పోతారు. చిన్నాయన పాత్రో, సర్పంచి పాత్రో, దుకాణదారు పాత్రో వీళ్లు వెయ్యలేరా? రాత్రంతా ఒక్కడే రాజై, రాణియై, దొంగై, పోలీసై కథ నడిపించేవానికన్నా పెద్ద నటుడు ఎవడు? సినిమా వీళ్లను నటులుగా చూడటం లేదు. వెనుక నిలబెట్టిన చెట్టు లాగ, గుడిసె లాగ, 'ఇది పల్లె' అని చెప్పటానికి పనికొచ్చే గుర్తుగా చూస్తోంది.

'భీమ్లా నాయక్'కు మూలమైన మలయాళ చిత్రం 'అయ్యప్పనుమ్ కోశియుమ్' (2020) సంగతి ఇక్కడ చెప్పటం న్యాయం. దానిలో అట్టప్పాడికి చెందిన ఇరుళ గిరిజన స్త్రీ నంజియమ్మ తన భాషలో పాడింది, చిన్న పాత్రలోనూ కనిపించింది. 2022లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ గాయనిగా ఎంపికైంది. సంగీతం నేర్వని ఆమెకు ఇంత పెద్ద అవార్డా అని కొందరు గొణిగారు కూడా. కానీ అవార్డు ఇచ్చినవాళ్లు ఆమెను ముచ్చటగా చూడలేదు, గాయనిగా చూశారు. నేను అడిగేది కూడా ఆ చూపే.

నా వాదానికి ఎదురుమాటలు రెండు. ఒకటి: "సినిమా లేకపోతే మొగులయ్య ఎవరికి తెలుసు?" నిజమే. పాఠ్యపుస్తకం చెయ్యని పని సినిమా చేసింది. ఆ మేలు నేను ఒప్పుకుంటాను. అయితే పొలానికి నీళ్లిచ్చినవాడు నీళ్ల పన్ను అడగవచ్చు గాని, పంటంతా నాదే అనవచ్చునా? పైగా మేలు రెండు దిక్కులా జరిగింది. ఆ కిన్నెర మోత లేకుండా ఆ పాటను ఒకసారి ఊహించండి.

రెండోది కొంచెం చిక్కు ప్రశ్న: "జానపదం అందరి సొత్తు. మేర ఎవరికి ఇవ్వాలె?" పాట అందరిదే కావచ్చు. గొంతు మాత్రం ఒక్కరిదే. చట్టం కూడా అదే అంటోంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ద్వారా ప్రదర్శకుల హక్కు చేరింది. పాడినవాడు, వాయించినవాడు, ఆడినవాడు అందరూ ప్రదర్శకులే. 2012లో, పార్లమెంటు లోపల జావేద్ అఖ్తర్ లాంటి కవులు కొట్లాడిన తరువాత, ఇంకో సవరణ వచ్చింది. సినిమా కోసం రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీ హక్కు గట్టిపడింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకునికీ రాయల్టీ రావాలని అందులోనే ఉంది. 2013లో పేరున్న సినిమా గాయకులు తమ హక్కుల కోసం ఒక సంఘమే పెట్టుకున్నారు. అంటే చట్టంలో మేర ఉంది. కల్లంలో లేదు. పట్నంలో ఉన్న గాయకునికి వకీలు దొరుకుతాడు. అవుసలికుంటలోనో దుగ్గొండిలోనో ఉన్న పాటగానికి ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర దగ్గరే కథ ఆగిపోయే ప్రమాదం ఉంది.

పాట రాసేవానికీ పాడేవానికీ ఉన్న తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. మా జిల్లావాడే, తెలకపల్లి మండలం గౌరారం బిడ్డ గోరటి వెంకన్న. 2002లో 'కుబుసం' సినిమాతో ఆయన పాట రాష్ట్రమంతా పాకింది. 2021 సంవత్సరానికి 'వల్లంకి తాళం' కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన అక్షరం తెలిసిన కవి, పాట కింద ఆయన పేరు ఉంటుంది. ఆ పేరును ఎవరూ తుడవలేరు. నోటి నుంచి నోటికి పాటను మోసేవానికి ఆ రక్షణ లేదు. రేపు కిన్నెర మోతను కంప్యూటరులో ఎక్కించి కీబోర్డు మీద వాయిస్తారు. మనిషి గొంతును కూడా యంత్రం అచ్చుగుద్దినట్టు అనుకరించే రోజు వచ్చేసింది. అప్పుడు పాటగాణ్ణి ఒక్కసారి కూడా పిలవవలసిన అవసరం ఉండదు. కావున ఈ ప్రశ్న తేలవలసింది ఇప్పుడే.

విద్యార్థి మిత్రులారా! ఇదంతా ప్రభుత్వం చూసుకుంటుంది, సినిమావాళ్లు చూసుకుంటారు అని చేతులు దులుపుకుంటే లాభం లేదు. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నయి. మన వార్షికోత్సవాలకు జానపద కళాకారులను పిలుస్తాం. శాలువా కప్పి, భోజనం పెట్టి, బస్సు చార్జీ ఇచ్చి పంపిస్తాం. సౌండు బాక్సులవానికి ఇచ్చేది మాత్రం ముందుగా బేరమాడి, రసీదు తీసుకొని ఇస్తాం. ఇకమీదట పాటగానికి కూడా ముందే మాట్లాడిన ఫీజు, రసీదు మీద ఇద్దాం. ఫోనుల్లో తీసిన వాళ్ల పాటను ఊరికే పంచకుండా, పాడినవాని పేరు, ఊరు, వాద్యం పేరు రాసి పంచుదాం. లా చదివే మిత్రులు ఒక పని చెయ్యాలె. పాటగాడు సినిమావాళ్లతో చేసుకునే ఒప్పందం ఎట్లా ఉండాలో తెలుగులో, ఒక్క పేజీలో, చదివి వినిపిస్తే అర్థమయ్యేటట్టు రాసిపెట్టాలె. మా ఫిజిక్సువాళ్లం కిన్నెర మెట్ల కొలతలు, స్వరాల లెక్కలు రికార్డు చేద్దాం. నేర్పినవానికి గురువు జీతం ఇచ్చే నేర్చుకుందాం.

ఇక ప్రభుత్వాన్ని అడగవలసింది ఒకటే. తెలంగాణలో ఇప్పుడు సినిమా అవార్డులు గద్దర్ పేరు మీద ఇస్తున్నారు. ఒకప్పుడు సినిమా పాటకు వచ్చిన నంది అవార్డును వద్దన్న మనిషి పేరు మీద! ఆ పేరుకు గౌరవం అవార్డు బొమ్మతో తీరదు. ఈ రాష్ట్రంలో తీసే ఏ సినిమాలోనైనా పల్లె పాటగాడు పాడినా, వాయించినా, కనిపించినా, రాతకోతలు పూర్తయ్యి, మోగిన ప్రతిసారీ వాటా నేరుగా ఆయన బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు ఉంటేనే ఆ సినిమాకు రాయితీ ఇవ్వాలె. అంతకన్నా పెద్ద సన్మానం ఇంకొకటి ఉండదు.

శాలువాలు బీరువాలో మడిచి పెట్టుకోవటానికి పనికొస్తయి. పొయ్యి మీద ఎసరు పెట్టినాక కావలసింది గింజలు. వాటిని దానంగా కాదు, తన పంటలో తన వాటాగా పాటగాడు కొలుచుకొనిపోయే రోజు కోసం మనం అడగాలె, అడుగుతూనే ఉండాలె.